చెత్త బహుమతి ఎవరి చేతికి?

మార్చి 8కి ఏం చేద్దామని మాట్లాడుకుంటున్నప్పుడు ఒక మిత్రురాలు ఒక ఆలోచన చెప్పింది. ప్రతి ఏడూ ఉపన్యాసాలేనా, ఈసారి వెక్కిరింత బహుమతులు ఇద్దాం అంది. ఏడాదిలో వచ్చిన తెలుగు సినిమాల్లో స్త్రీలను అందరికంటే హీనంగా చూపించిన వాటిని ఏరి, వేదిక మీద పేర్లు చదివి, చప్పట్లు కొట్టి, నవ్వి పంపిద్దాం అంది. అక్కడికక్కడే పేర్లు పుట్టుకొచ్చాయి. 'వెంటపడి వేధించడంలో ఉత్తమ కథానాయకుడు', 'ఆడవాళ్లకు బుద్ధి చెప్పడంలో ఉత్తమ సంభాషణలు', 'బుర్ర లేని ఉత్తమ కథానాయిక'. అందరం పడీపడీ నవ్వాం. నేనూ నవ్వాను. తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేదాన్ని కాబట్టి జాబితా రాసే పని నాకు అప్పగించారు.

మల్యాల వచ్చి ఆ రాత్రి కాగితం ముందేసుకుని కూర్చుంటే మూడో బహుమతి దగ్గర చెయ్యి ఆగిపోయింది. 'బుర్ర లేని ఉత్తమ కథానాయిక' అంటే ఎవరు? ఆ పాత్రా, ఆ పాత్ర వేసిన అమ్మాయా? పాత్రకు బుర్ర పెట్టనిది రాసినవాడు, తీసినవాడు, డబ్బు పెట్టినవాడు. బహుమతి మీద పేరు మాత్రం ఆ అమ్మాయిది. వేదిక మీద మేం చదవబోయేదీ, సభ నవ్వబోయేదీ ఆ పేరునే. స్త్రీలను అవమానించే సినిమాలను ఎండగట్టే సభలో మేం చేసే మొదటి పని ఒక స్త్రీని నవ్వులపాలు చేయడమే అవుతుందా?

ఇది చిన్న సంగతి అనుకోవచ్చు. ఆ బహుమతి ఒక్కటి కొట్టేస్తే సరిపోతుంది కదా అనవచ్చు. కానీ కొట్టేశాక కూడా అసలు ప్రశ్న మిగిలే ఉంది. చెడ్డదాన్ని చూసి నవ్వడం న్యాయమేనా? న్యాయమే అయితే ఎవరిని చూసి, ఎక్కడ నిలబడి నవ్వాలి?

ఇలాంటి బహుమతులు కొత్తవి కావు. 1981 మార్చి 31న, ఆస్కార్ బహుమతుల రాత్రి, లాస్ ఏంజెలెస్‌లో జాన్ విల్సన్ అనే ఆయన తన ఇంటి ముందుగదిలో స్నేహితులను పోగుచేసి, ఆ ఏడాది చెత్త సినిమాలకు ఓట్లు వేయించాడు. అదే గోల్డెన్ రాస్ప్‌బెర్రీ బహుమతుల పుట్టుక. ముద్దుగా రాజ్జీలంటారు. రాస్ప్‌బెర్రీ ఒక పండు. నాలుక బయటపెట్టి పెదాలతో చేసే వెక్కిరింత చప్పుడుకు కూడా ఇంగ్లీషులో అదే పేరు. బహుమతి ఏమిటంటే ఆ పండు బొమ్మకు బంగారు రంగు కొట్టి ఇవ్వడం. అది అయిదు డాలర్లు కూడా చేయదని ఇచ్చేవాళ్లే గొప్పగా చెప్పుకుంటారు. మన దేశంలో 2009లో ఢిల్లీలో హిందీ సినిమాలకు గోల్డెన్ కేలా బహుమతులు మొదలయ్యాయి. 2011లో ముంబైలో ఘంటా బహుమతులు వచ్చాయి. తెలుగులో ఈ పనిని టీవీ కామెడీ కార్యక్రమాలు, సెల్‌ఫోన్లలో తిరిగే వెక్కిరింత బొమ్మలు రోజూ చేస్తూనే ఉన్నాయి.

ముందు నవ్వు పక్షాన మాట్లాడతాను. ఎందుకంటే నవ్వు నాకిష్టం.

మన దగ్గర పొగడ్తకు కొదవ లేదు. 1964 నుంచి నంది బహుమతులు చూశాం. తెలంగాణలో 2025 జూన్‌లో గద్దర్ పేరుతో సినిమా బహుమతులు ఇచ్చారు. ఇవి కాక పత్రికలవి, టీవీలవి, సంఘాలవి. హీరో కటౌట్‌కు పాలాభిషేకం చేసే దేశంలో 'ఈ సినిమా బాగాలేదు' అని నలుగురిలో అనడానికే ధైర్యం కావాలి. పొగడ్త ఇంత దట్టంగా ఉన్నచోట ఒక వెక్కిరింత గాలి ఆడేటట్టు చేస్తుంది. దొర ఎదురుగా నవ్వడం కూడా తప్పేనని భయపడిన రోజులను మా జగిత్యాల ప్రాంతంలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్తారు. 1978లో జగిత్యాల జైత్రయాత్ర తరువాత పోయినవాటిలో వెట్టి ఒక్కటే కాదు, ఆ భయం కూడా ఉంది. దొరను చూసి నవ్వగలిగిన మనిషి మళ్లీ మునుపటిలా వంగి నిలబడడం కష్టం.

ఆడవాళ్లకైతే నవ్వు మొదటి నుంచీ నిషేధమే. నవ్వే ఆడదాన్ని నమ్మరాదన్నారు. నవ్వు నాలుగు విధాల చేటన్నారు. ఆ చేటు లెక్క మగవాళ్లకు ఎన్నడూ కట్టలేదు. మయసభలో ద్రౌపది నవ్వినందుకే కురుక్షేత్రం జరిగిందని మనకు చిన్నప్పటి నుంచీ చెప్తారు. భారతంలో చూస్తే, నీళ్లలో పడ్డ దుర్యోధనుడిని చూసి భీముడూ తక్కినవాళ్లూ నవ్వారని కథకుడు ముందు చెప్తాడు. ద్రౌపది స్త్రీలతో కలిసి నవ్విందన్న మాట, దుర్యోధనుడు తరువాత తండ్రి దగ్గర మొరపెట్టుకునేటప్పుడు వస్తుంది. కథ మన ఊళ్లకు, నాటకాలకు, సినిమాలకు వచ్చేసరికి భీముడి నవ్వు మాయమై ద్రౌపది నవ్వు ఒక్కటే మిగిలింది. పద్దెనిమిది అక్షౌహిణుల చావు ఆమె పెదాల మీద పెట్టారు.

నాట్యశాస్త్రంలో భరతుడు హాస్యాన్ని ఆరు రకాలు చేశాడు. పళ్లు కనిపించని స్మితం ఉత్తములది. కళ్ల నీళ్లొచ్చేలా నవ్వే అతిహసితం అధములది. ఈ రసం ఎక్కువగా కనిపించేది స్త్రీలలోనూ నీచ పాత్రల్లోనూ అని కూడా చెప్పాడు. అంటే నవ్వే చోటా, నవ్వులపాలయ్యే చోటా మనల్నీ కింది కులాల వాళ్లనీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టారు. ఇన్ని వందల ఏళ్లు నవ్వులపాలైనవాళ్లం ఒక్కరోజు వేదికెక్కి వాళ్లను చూసి నవ్వితే తప్పేమిటి? మా మిత్రురాలి వాదన ఇదే. దీనికి నా దగ్గర జవాబు లేదు. వాదన సరైనదే.

చిక్కల్లా ఆ 'వాళ్లు' ఎవరన్న దగ్గర వస్తుంది.

మొట్టమొదటి రాజ్జీలలో చెత్త నటి బహుమతి ఎవరికి వెళ్లిందో చూడండి. బ్రూక్ షీల్డ్స్‌కు, 'ది బ్లూ లగూన్' సినిమాకు. ఆ సినిమా తీసేనాటికి ఆమెకు పద్నాలుగేళ్లు. బహుమతి నాటికి పదిహేను. నిర్జన ద్వీపంలో బట్టలు సరిగా లేని బాలికగా ఆమెను నిలబెట్టి, నగ్నదృశ్యాలకు వేరే మనిషిని పెట్టి, ఆ సినిమాను అమ్ముకున్నారు. అది బాగా డబ్బు చేసింది కూడా. పద్నాలుగేళ్ల పిల్ల దేహాన్ని తెర మీద అంగడి సరుకు చేయడం ఆ ముందుగదిలో ఎవరికీ నవ్వు తెప్పించలేదు, కోపమూ తెప్పించలేదు. ఆ పిల్లకు నటన రాకపోవడం మాత్రం నవ్వు తెప్పించింది.

అదే ఏడాది అదే జాబితాలో షెల్లీ డువాల్ పేరు కూడా ఉంది. స్టాన్లీ కుబ్రిక్ తీసిన 'ది షైనింగ్'లో భర్త గొడ్డలి పట్టుకుని వెంటపడితే వణికిపోయే ఇల్లాలు ఆమె. ఆ చిత్రీకరణ ఏడాదికి పైగా సాగింది. ఏడుపు సన్నివేశాలను పదేపదే తీశారు. సెట్ మీద ఆమెను దర్శకుడు కసురుకోవడం ఆయన కూతురు తీసిన డాక్యుమెంటరీలో కనిపిస్తుంది. ఏడిచి ఏడిచి అలసిపోయిన మనిషి ముఖమే ఆ సినిమాలో మనకు కనబడేది. ఆ ముఖాన్ని చూసి చెత్త నటన అన్నారు. నిజమే, ఆ ఏడాది కుబ్రిక్‌ను కూడా చెత్త దర్శకుల జాబితాలో పెట్టారు. కానీ సినిమాకు కాలక్రమంలో గొప్ప పేరు వచ్చాక కుబ్రిక్ మహా దర్శకుడుగా నిలిచాడు. ఆమె పేరు పక్కన ఆ మచ్చ నలభై ఏళ్లు అలాగే ఉంది. 2022లో రాజ్జీలవాళ్లు ఆ పేరు వెనక్కి తీసుకున్నారు. చిత్రీకరణలో దర్శకుడు ఆమెతో వ్యవహరించిన తీరు ఆమె నటన మీద పడిందని ఒప్పుకున్నారు. 2024 జూలైలో ఆమె చనిపోయింది.

పాఠం నేర్చుకున్నారా అంటే, 2023 జనవరిలో రయాన్ కియెరా ఆర్మ్‌స్ట్రాంగ్ అనే పన్నెండేళ్ల పిల్లను 'ఫైర్‌స్టార్టర్' సినిమాకు చెత్త నటి జాబితాలో పెట్టారు. చుట్టూ గోలెత్తాక తీసేసి క్షమాపణ చెప్పారు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలను ఇకమీదట జాబితాలో పెట్టమని నియమం చేసుకున్నారు. మొదటి బహుమతి ఒక పదిహేనేళ్ల పిల్లకు ఇచ్చినవాళ్లకు ఈ నియమం తోచడానికి నలభై రెండేళ్లు పట్టింది. ఒక్క మంచి పని చేశారు. ఆ పిల్ల పేరున్న చోట తమ పేరు రాసుకుని, ఆ ఏటి చెత్త నటి బహుమతిని తమకు తామే ఇచ్చుకున్నారు.

ఈ కథలు చదువుతుంటే నాకు నవ్వు రాలేదు. కారణం చెప్పాలి. చెప్పకపోతే ఈ వ్యాసం రాసే అర్హత నాకు లేదు.

2004లో నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన కాలేజీలో వార్షికోత్సవానికి ఒక నాటిక వేశాం. రాసింది నేను. వరకట్నం మీద. అప్పటికి నాకు తెలిసిన నాటక భాషంతా పుస్తకాల్లోదే, కృష్ణా గుంటూరుల మాట. మల్యాలలో పుట్టి పెరిగినదాన్ని కూడా 'ఏవండీ, మీరిలా అనడం భావ్యం కాదు' అని రాశాను. అది తప్పని కాదు, అది తప్ప ఇంకొకటి నాటకంలో ఉండవచ్చని నాకు తోచలేదు. కథానాయిక వేయాల్సిన అమ్మాయిని ప్రదర్శనకు రెండు రోజుల ముందు ఇంట్లోవాళ్లు వద్దన్నారు. ఆ వేషం ఇంకో అమ్మాయికి అంటగట్టాం. వాళ్లమ్మ బీడీలు చేస్తుంది. ఈ పిల్లా కాలేజీ నుంచి పోయాక చాట ముందు కూర్చునేది. మాట చురుకు, వాళ్ల వాడకట్టులో ఎవరినైనా మాటతో నవ్వించగలదు. వేదిక ఎక్కాక 'భావ్యం' దగ్గర నాలుక తిరగలేదు. 'బావ్యం' అంది, మళ్లీ సరిచేసుకోబోయి 'గట్ల కాదు' అని తనకు తానే అనుకుంది. అది మైకులో వినబడింది. సభ గొల్లుమంది.

మర్నాడు సీనియర్లు సరదా బహుమతులు పెట్టారు. వీడ్కోలు సభల్లో బిరుదులిచ్చే అలవాటు మీ కాలేజీల్లోనూ ఉండే ఉంటుంది. నల్లటి పిల్లకొకటి, లావుపాటి పిల్లకొకటి, ఎవరితోనో మాట్లాడుతూ కనబడ్డ పిల్లకొకటి. ఆ జాబితాను ముందుగా చూసి సరేనన్న అధ్యాపకుల్లో నేనొకదాన్ని. 'ఏడాది చెత్త నటి' అని ఆ అమ్మాయి పేరు పిలిచారు. బహుమతిగా రంగు కాగితం చుట్టిన కొత్త చీపురు కట్ట ఇచ్చారు. ఆమె నవ్వుతూనే వచ్చి తీసుకుంది. నేను చప్పట్లు కొట్టాను. ఆ తరువాత ఏడాదిన్నర ఆమె నా క్లాసులోనే ఉంది. ఒక్కసారి కూడా లేచి నిలబడి చదవలేదు. నేను అడగలేదు.

కొన్నేళ్ల కింద కొండగట్టు దిగువన బస్సు కోసం నిలబడితే ఆమె నన్ను గుర్తుపట్టి పలకరించింది. పక్కన ఇద్దరు పిల్లలు. అవీ ఇవీ మాట్లాడాక నేనే ఆ రోజు సంగతి ఎత్తి, తప్పయిందమ్మా అన్నాను. ఆమె నవ్వింది. "అయ్యో మేడం, మీరింకా యాదిలో పెట్టుకున్నరా? ఆ చీపురుతోని మా అవ్వ ఏడాది వాకిలి ఊడ్చింది. మంచి చీపురని దాసుకొని దాసుకొని వాడింది" అంది. నాకు కొంచెం తేలికయింది. బస్సు కనబడ్డాక పిల్లల చేతులు పట్టుకుంటూ అడిగింది. "గని మేడం, నాకొకటి సమజ్ కాలే. నేను మంచిగ చెయ్యలే, నాకు చీపురిచ్చిన్రు. ఆ మాటలు రాసినోళ్లకేమిచ్చిన్రు?"

రాసింది నేనేనని ఆమెకు తెలియదు. నేను చెప్పనూ లేదు. బస్సొచ్చింది, ఎక్కింది.

ఆ ప్రశ్న ఎందుకంత సూటిగా వచ్చిందో తరువాత ఆలోచిస్తే అర్థమయింది. మా జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో బీడీలు చేసే ఇంట్లో పుట్టినవాళ్లకు ఆ లెక్క పుట్టుకతో తెలుసు. కంపెనీ తునికాకు తూచి ఇస్తుంది. ఆకులో చినిగినవి ఉంటాయి, పుచ్చులవి ఉంటాయి. ఆ ఆకుతోనే వెయ్యి బీడీల లెక్క తేవాలి. తక్కువ పడితే ఆకు కొనుక్కోవాలి. తీసుకుపోయి ఇచ్చేటప్పుడు కట్టలు విప్పి చూసి, బాగాలేవన్నవి పక్కకు తీసేస్తారు. వాటికి కూలి ఉండదు. చెడ్డ ఆకు ఇచ్చినవాడిది తప్పు కాదు, చెడ్డ బీడీ చేసినామెది తప్పు. షెల్లీ డువాల్ పేరు విననక్కర్లేదు, రాజ్జీల పేరు విననక్కర్లేదు. ఆకు ఎవరిచ్చారని అడగడం తెలిస్తే చాలు. చదువుకున్న నాకు అది తెలియలేదు, నా ఆకుతో చేసిన బీడీని చూసి నేనే నవ్వాను.

ఇక్కడికి వచ్చాక వెక్కిరింత బహుమతుల్లో ఇంకో లోపం కనబడుతుంది. అవి 'చెత్త' అన్న ఒకే మాటలో రెండు వేర్వేరు సంగతులు కలిపేస్తాయి. చేతకాక చెడిపోయిన సినిమా ఒకటి. చేతనయి చెడు చేసే సినిమా ఇంకొకటి. మొదటిదాన్ని చూసి నవ్వడం తేలిక. మీసం ఊడిపోతుంది, గ్రాఫిక్స్ పులి పిల్లిలా ఉంటుంది, హీరోయిన్ పెదాలకూ మాటలకూ పొంతన ఉండదు. కానీ మనల్ని గాయపరిచేవి ఎక్కువగా రెండో రకం. 2017లో వచ్చిన 'అర్జున్ రెడ్డి' బాగా తీసిన సినిమా. అందులో హీరో ఆ అమ్మాయి తనదని కాలేజీలో ప్రకటిస్తాడు, అడగకుండా ముద్దు పెడతాడు. ఆమె ఎక్కడ కూర్చోవాలో, ఎవరితో స్నేహం చేయాలో అతనే చెప్తాడు. మా క్లాసులో అబ్బాయిలు దాన్ని ప్రేమ అన్నారు. కొందరు అమ్మాయిలూ అన్నారు. అలాంటి సినిమా ఏ చెత్త జాబితాలోకీ రాదు. దానికి నిజమైన బహుమతులొచ్చాయి. వెక్కిరింత ఓడిపోయినదాని మీద పడుతుంది. గెలిచినదాని దగ్గరకు వెళ్లడానికి దానికి దారి లేదు.

హీరోలను వెక్కిరించడం వేరు, మగతనాన్ని ప్రశ్నించడం వేరు అనడానికి మన దగ్గరే ఒక ఉదాహరణ ఉంది. 2014లో 'హృదయ కాలేయం' అనే సినిమా వచ్చింది. సంపూర్ణేష్ బాబు హీరో. చావును కూడా లెక్కచేయని తెలుగు హీరో విన్యాసాలన్నిటినీ ఎగతాళి చేసిన సినిమా అది. మొదట జనం ఆయన ముఖం చూసి నవ్వారు. ఇతను హీరో ఏమిటని నవ్వారు. అసలు ఎగతాళి ఆ ప్రశ్న మీదే కదా, హీరో అంటే ఇలాగే ఉండాలని ఎవరు చెప్పారని. ఒకే నవ్వు ఒకరికి పైకి తగిలింది, ఇంకొకరికి కిందికి తగిలింది. స్టీవెన్ శంకర్ పేరుతో ఆ సినిమా తీసిన సాయి రాజేష్, 2023లో 'బేబీ' తీశాడు. బస్తీలో పెరిగిన చామనఛాయ అమ్మాయి పట్నం కాలేజీకి వెళ్లి, రంగూ రూపూ మార్చుకుని, చెడిపోయి, అబ్బాయి బతుకు పాడుచేసే కథ అది. ఆ అమ్మాయి తప్పులను లెక్కపెట్టినంత ఓపికగా అబ్బాయిల బలవంతాన్ని ఆ సినిమా లెక్కపెట్టలేదని నేననుకుంటాను. 2025లో ప్రకటించిన జాతీయ బహుమతుల్లో దాని స్క్రీన్‌ప్లేకు బహుమతి వచ్చింది. హీరో కండలను చూసి నవ్వగలిగిన కలం, హీరో కన్నీళ్లను చూసి ఎందుకు ఆగిపోయింది? నవ్వు ఒక్కటే చాలదని నాకు తోచింది ఇక్కడే.

నవ్వు చేసిన అన్యాయం మా ప్రాంతానికి ఇంకా బాగా తెలుసు. చాలా కాలం తెలుగు సినిమాలో తెలంగాణ మాట అంటే రౌడీ నోట్లోనో, పనివాడి నోట్లోనో, హాస్యగాడి నోట్లోనో వినిపించేది. హాలులో నవ్వేవాళ్లలో మేమూ ఉండేవాళ్లం. మా అమ్మ మాటే తెర మీద హాస్యమయినప్పుడు ఆ హాస్యానికి చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి అమ్మతో 'సరిగ్గా మాట్లాడు' అన్న తరం మాది. ఆ తరమే తరువాత నాటికల్లో 'భావ్యం' అని రాసింది. ఆడవాళ్ల హాస్యం సంగతీ అంతే. లావుగా ఉన్న ఆడమనిషి ప్రేమిస్తే నవ్వు, నల్లటి పిల్ల పెళ్లిచూపులకు కూర్చుంటే నవ్వు, మొగుణ్ని పెళ్లాం కొడితే నవ్వు. కోవై సరళ వంటి గొప్ప హాస్యనటి చేతికి కూడా ఎన్నిసార్లు గయ్యాళి పెళ్లాం వేషమే ఇచ్చారో గుర్తు తెచ్చుకోండి. 2017లో 'ఫిదా'లో భానుమతి బాన్సువాడ మాట మాట్లాడితే, 2023లో సిరిసిల్ల బిడ్డ వేణు ఎల్దండి తీసిన 'బలగం'లో చావు ఇల్లంతా మా మాటే మాట్లాడితే, హాలులో నవ్వు వచ్చింది కానీ ఆ నవ్వు మా మీద పడలేదు. మాతో కలిసి వచ్చింది. తేడా అంత చిన్నది. ఆ చిన్నదాని కోసం ఎన్ని దశాబ్దాలు పట్టిందో!

కాబట్టి నవ్వు మానేద్దామా? కోపంగా నిరసన చెప్పడమే మేలా? నిరసనకూ దాని చిక్కులున్నాయి. అశ్లీల పోస్టర్ల మీద తారు పూసిన స్త్రీ సంఘాల పోరాటం మనకు తెలుసు. ఆ తారు పోస్టర్ అంటించినవాడి మీద కోపంతో పూసిందే. కానీ గోడ మీద చివరకు నల్లబడేది ఒక ఆడదాని ముఖమే. 2025 మార్చిలో 'రాబిన్‌హుడ్' సినిమా పాటలో నృత్యం మీద గొడవ వచ్చినప్పుడు తెలంగాణ మహిళా కమిషన్ సినిమావాళ్లను హెచ్చరించింది. సినిమా విడుదలయ్యేటప్పటికి ఆ అడుగు తీసేశారు. మంచిదే. కానీ ఆ రోజుల్లో జనం సెల్‌ఫోన్లలో తిప్పి తిప్పి వెక్కిరించింది ఆడిన అమ్మాయినే. అడుగు నేర్పినవాడి ముఖం, డబ్బు పెట్టినవాడి ముఖం ఎవరికీ అంతగా గుర్తులేదు. తారైనా, వెక్కిరింతైనా, కనబడే శరీరం మీదే పడుతుంది. తెర మీద కనబడేది ఎప్పుడూ ఆడ శరీరమే. నిర్ణయాలు చేసే చేతులు కెమెరా వెనక ఉంటాయి.

నవ్వులపాలైనవాళ్లే ఆ నవ్వును తిప్పికొట్టిన సందర్భాలూ ఉన్నాయి. 'క్యాట్‌వుమన్'కు వచ్చిన చెత్త నటి బహుమతిని తీసుకోవడానికి 2005లో హాలీ బెర్రీ తానే వెళ్లింది, అంతకు మూడేళ్ల ముందు గెలుచుకున్న ఆస్కార్ ప్రతిమను చేత్తో పట్టుకుని. 2010లో సాండ్రా బుల్లక్ రాజ్జీ తీసుకున్న మర్నాడే ఆస్కార్ తీసుకుంది. ఆమె రాజ్జీ సభకు తన సినిమా డీవీడీలు బండి నిండా తెచ్చి పంచింది, ముందు సరిగ్గా చూసి అప్పుడు చెప్పండని. ఈ ఇద్దరినీ నేను మెచ్చుకుంటాను. కానీ ఇంకో చేతిలో ఆస్కార్ ఉన్నవాళ్లకే ఆ నవ్వు సాధ్యం. చీపురు ఒక్కటే దొరికిన అమ్మాయి దాన్ని ఇంటికి తీసుకుపోయి వాకిలి ఊడుస్తుంది. అది కూడా ఒక జవాబే. అయితే ఆ జవాబు చెప్పాల్సిన అవసరం ఆమెకు ఎందుకు రావాలి?

ఇవన్నీ అనుకున్నాక జాబితా మళ్లీ రాశాను. బహుమతులు మానలేదు. కొన్ని నియమాలు పెట్టుకున్నాను. మనిషి ఒంటికి, రంగుకు, వయసుకు, మాట యాసకు బహుమతి లేదు. నటీనటులకు అసలు లేదు. తప్పదంటే, కథ మార్చగల స్థాయి ఉన్న పెద్ద హీరోలకు మాత్రమే. ఒక సన్నివేశాన్ని ఎంచుకుంటే దాన్ని ఎవరు రాశారు, ఎవరు తీశారు, ఎవరు డబ్బు పెట్టారు అన్న మూడు పేర్లూ చదవాలి. డబ్బు చేసిన సినిమాను, బహుమతులొచ్చిన సినిమాను వదిలిపెట్టకూడదు. సినిమా మొత్తం చూడకుండా ఎవరూ ఓటు వేయకూడదు. చివరిది, ఆ సినిమా చూసి మనం కూడా నవ్విన చోటు ఉంటే అది కూడా సభలో చెప్పాలి.

ఈ చివరి నియమం మిత్రులకు నచ్చలేదు. సభ పాపాల ఒప్పుకోలు అయిపోతుంది, సరదా పోతుంది అన్నారు. మనల్ని మనం కొట్టుకోవడం ఆడవాళ్లకు ముందే బాగా నేర్పారు, మళ్లీ మనమెందుకు నేర్పాలి అని ఒకామె గట్టిగా అడిగింది. ఆ మాటలో న్యాయం ఉంది. నేరం చేసిన పరిశ్రమనూ, ఒక సాయంత్రం తప్పుగా నవ్విన నన్నూ ఒకే త్రాసులో పెట్టడం సరి కాదు. తెలుగు పరిశ్రమలో స్త్రీల మీద జరిగే వేధింపులపై ఉపసంఘం ఇచ్చిన నివేదికను బయటపెట్టమని 2024 ఆగస్టులో సమంత వంటి నటి కూడా అడగవలసి వచ్చింది. అలాంటి చోట నా చీపురు కట్ట కథ ఎంత? చాలా చిన్నది.

చిన్నదే అయినా దాన్ని వదలలేకపోతున్నాను. పెద్దవాళ్ల తప్పు చూసి నవ్వే హక్కు నాకు ఎక్కడి నుంచి వస్తుంది? నేను మంచిదాన్ని కావడం వల్ల రాదు. నేను తప్పు చేసిన చోట కూడా అదే లెక్క ఒప్పుకుంటాను అన్నందువల్ల వస్తుంది. ఆకు ఎవరిచ్చారని సినిమావాళ్లను అడగాలంటే, నేనిచ్చిన ఆకు సంగతి ముందు చెప్పాలి. రాజ్జీలవాళ్లు నలభై రెండేళ్లకు తమ పేరు తమ జాబితాలో రాసుకున్నారు. నాకు ఇరవై ఏళ్లు పట్టింది.

జాబితాలో మొదటి బహుమతి 'ఉత్తమ చెత్త సంభాషణలు'. పక్కన సినిమా పేరు లేదు. 2004, కాలేజీ నాటిక అని రాసి నా పేరు రాశాను. మిగిలిన పేర్లు దాని కింద ఉన్నాయి. వాటిలో చాలా పెద్ద పేర్లున్నాయి. సభలో వాటిని చదివినప్పుడు నేను గట్టిగానే నవ్వుతాను. చీపురు కట్ట కొనే పని కూడా నాదే అన్నారు మిత్రులు. మంచిది చూసి కొంటాను, ఏడాది ఊడ్చినా పోనిది.